బాబాయి ఇంటి బడి గురించి నా మాట

పోస్టు పెద్దదే. హాస్టల్లో స్టడీ అవర్ అయ్యాక రెండు మూడు రాత్రులు కూర్చుని ఫోన్లో టైపు చేసాను. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన వారం ఒక అన్న ఇక్కడ రాసాడు. పాస్టర్ల ఇళ్ళల్లో పిల్లల్ని బడి మాన్పించి, ఇంట్లో కూర్చోబెట్టి బైబిలు బట్టీ పట్టిస్తున్నారని, ఇది ఆదివాసీ పిల్లల భవిష్యత్తుని పాడుచేయడమేనని. కింద బోలెడు కామెంట్లు. సగం మంది అవునన్నారు. ఇంకో సగం మంది మన బళ్ళల్లో చదువు ఎక్కడుంది, ఇల్లే నయం అన్నారు. మధ్యలో కొందరు చదువు సంగతి వదిలేసి మతం మీదకి పోయారు. నేను అప్పుడు ఏమీ రాయలేదు. ఎందుకంటే ఆ అన్న చెప్పినలాంటి ఇల్లు మా సొంత బాబాయిది. ఆ ఇంట్లో ఎప్పుడు ఏ పాఠం చెప్పాలో కాగితం మీద రాసిచ్చింది నేను.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు వైపు. మండలం పేరు రాయను, రాస్తే ఊరు తెలిసిపోతుంది. మెయిన్ రోడ్డు నుంచి గెడ్డ దాటి నాలుగు కిలోమీటర్లు కొండ ఎక్కితే బాబాయి వాళ్ళ ఊరు. ముప్ఫై ఐదు గడపలు. సగం గడపలు ప్రార్థనకి వెళ్తాయి, సగం వెళ్ళవు. బాబాయి ఇంటర్ ఫెయిల్. తర్వాత బైబిలు ట్రైనింగు చేసి, ఊర్లో రేకుల షెడ్డు వేసుకుని సంఘం నడుపుతున్నాడు. పాస్టర్ అంటే కారు, కోటు అనుకోకండి. వారంలో నాలుగు రోజులు పోడులోనే ఉంటాడు. పిన్ని ఏడో తరగతి దాకా చదివింది. పిల్లలు ఐదుగురు. పెద్దపాపకి పదేళ్ళు, తర్వాత ఇద్దరు మగపిల్లలు ఎనిమిది, ఏడు, తర్వాత ఐదేళ్ళ పాప, చివర రెండున్నరేళ్ళ బుడ్డోడు.

ముందు ఆ ఇంట్లో బడి ఎందుకు మాన్పించారో చెప్పాలి. అది తెలియకుండా మాట్లాడటం వల్లే కామెంట్లు అలా అయ్యాయి. 2023 వానాకాలంలో పెద్దపాప ఒక ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి. నాలుగు రోజులు జ్వరం. ఇంటికి కబురు లేదు. ఐదో రోజు అదే హాస్టల్లో చదివే పక్క ఊరి పిల్ల వాళ్ళ నాన్నకి చెబితే, ఆయన సంతలో బాబాయికి చెప్పాడు. బాబాయి వెళ్ళేసరికి పాప ట్రంకుపెట్టె పక్కన నేల మీద దుప్పటి కప్పుకుని ఉంది. బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తే మలేరియా అన్నారు. వేళ్ళ సందుల్లో గజ్జి. తగ్గిపోయింది, దేవుడి దయ. కానీ బాబాయికి తగ్గలేదు. “మన గుంటల్ని మనమే చూసుకుంటాం, ఇంక ఎవరికీ అప్పజెప్పను” అన్నాడు. మన గ్రూపులో ఉన్న వాళ్ళల్లో ఎంతమందికి ఇలాంటి జ్వరం గుర్తుందో మీకే తెలుసు. మన మధ్య నుంచి వెళ్ళిపోయిన పిల్లల సంగతీ తెలుసు. కాబట్టి ఆ మాట అన్నందుకు బాబాయిని నేను తప్పు పట్టను.

మగపిల్లలిద్దరూ ఊర్లో బడికి వెళ్ళేవారు. ఒక గది, ఒక మాస్టారు, ఐదు క్లాసులు. మీటింగు ఉంటే బడి లేదు, వాన ఎక్కువైతే గెడ్డ దాటలేక బడి లేదు. ఆ మాస్టారు చెడ్డవారేం కాదు. కాకపోతే ఆయనకి మా భాష రాదు, పిల్లలకి ఆయన తెలుగు రాదు. మా ఇళ్ళల్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. నీళ్ళని మేము ‘పాణి’ అంటాం. చిన్నోడు దాహమేసి పాణి పాణి అని అడిగితే, ఎవరో పిల్ల పేరు చెప్తున్నాడేమో అనుకున్నారట. 2024 జూన్‌లో బాబాయి వాళ్ళిద్దర్నీ కూడా మాన్పించేసాడు. విశాఖలో ఒక కూడికలో ఎవరో చెప్పారట, పట్నాల్లో, విదేశాల్లో విశ్వాస కుటుంబాలు పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తారని. అది పట్టుకున్నాడు.

నాకు ఫోన్ చేసి, “తల్లీ, నువ్వు హాస్టల్లో చదివి కాలేజీ దాకా వెళ్ళావు. మన ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నువ్వొక్కదానివే. టైంటేబుల్ ఎలా ఉండాలో చెప్పు” అన్నాడు.

నాకు తెలిసిన టైంటేబుల్ ఒక్కటే, హాస్టల్ది. అదే చెప్పేసాను. ఐదింటికి లేవడం, ఆరింటికి స్టడీ, తొమ్మిది నుంచి నాలుగు దాకా పీరియడ్లు, సాయంత్రం ఆటలు, రాత్రి మళ్ళీ స్టడీ. బాబాయి దాన్ని అట్ట మీద రాసి గోడకి కొట్టాడు. షెడ్డులో ప్రార్థనకి వాడే గంట తెచ్చి పీరియడు పీరియడుకీ కొట్టాడు.

మూడు వారాలు కూడా నడవలేదు. కలుపు పని మొదలైంది, పిన్ని లేకపోతే కుదరదు. బాబాయి తెలుగు పీరియడ్ చెప్తుంటే ఎవరో వచ్చి మా అమ్మకి బాగోలేదు ప్రార్థన చెయ్యి అని తీసుకెళ్ళేవారు. పెద్దపాపకి చెప్తుంటే చిన్నపాప పలక లాక్కునేది. చిన్నపాపకి ‘అ’ దిద్దిస్తుంటే మగపిల్లలు జారుకుని పనసచెట్టు కిందకి పోయేవారు. బుడ్డోడు ఎప్పుడూ ఎవరో ఒకరి చంకలో ఉండాలి. దసరా సెలవులకి నేను వెళ్ళేసరికి అట్ట మీద కోళ్ళకి గింజలు ఆరబోసి ఉన్నాయి. నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. ఆ టైంటేబుల్ మూడు వందల మంది పిల్లల్ని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు అదుపులో పెట్టడానికి చేసినది. ఐదుగురు పిల్లలు, రెండు మేకలు, ఒక పోడు ఉన్న ఇంటికి అది ఎందుకు సరిపోతుంది? పన్నెండేళ్ళు గంట కొడితే లేచి, గంట కొడితే తిన్నదాన్ని, చదువంటే గంటే అనుకున్నాను.

ఈ సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు బాబాయి ఇంట్లోనే ఉన్నాను. ఈసారి చెప్పడం మానేసి, ముందు వారం రోజులు ఆ ఇల్లు ఎలా నడుస్తుందో చూసాను. పిన్ని, నేను రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని కొత్తగా వేసుకున్నాం. గడియారం తీసేసాం. అంబలి ముందు, అంబలి తర్వాత, ఎండ వాలాక, దీపం పెట్టాక. అంతే, నాలుగు ముక్కలు.

పొద్దున్న ప్రార్థన ఎలాగూ ఉంది. పాట, వాక్యం, ప్రార్థన. ఆ పావుగంట ఐదుగురూ ఒకే చోట కదలకుండా కూర్చుంటారు. ఆ అలవాటు బయటి బడి పిల్లలకి తీసుకురావాలంటే మాస్టార్లకి ఏడాది పడుతుంది. దాని వెనకే చదవడం పెట్టాం. చదవడం ఎవరిది వాళ్ళది. చిన్నపాపకి అక్షరాలు, మగపిల్లలకి గుణింతాలు, చిన్న మాటలు, పెద్దపాపకి ఒక పేజీ. అంబలి ఉడికేదాకా, ముప్పావు గంట. పిల్లలకి ఆకలి వేసేలోపు అయిపోవాలి, లేదంటే ఎవరూ వినరు.

అంబలి తర్వాత లెక్కలు, పెద్దలు పొలానికి బయల్దేరేదాకా. మధ్యాహ్నం ఏ చదువూ లేదు. పిన్ని ఒప్పుకోలేదు. నేను గంటైనా పెడదామంటే, “ఎండలో నువ్వే నిద్రపోతున్నావు” అంది. నిజమే. ఎండ వాలాక అందరికీ కలిపి ఒకే పాఠం. వయసుతో పని లేనివి. ఈ ఆకు ఏ చెట్టుది, గెడ్డ ఎటు పోతుంది, దోమ ఎక్కడ గుడ్లు పెడుతుంది. దోమ పాఠం మూడు రోజులు నడిచింది. పెద్దపాప ఊరంతా తిరిగి, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, నీళ్ళు నిలిచినవన్నీ బోర్లించి వచ్చింది. ఆ పిల్లకి ఆ పాఠం ఎందుకు అంత పట్టిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

దీపం పెట్టాక ఏం చేయాలన్నది మాత్రం బాబాయి చెప్పినదే. ప్రసంగాల్లో విన్నవాళ్ళకి తెలుస్తుంది, సుసన్నా వెస్లీ కథ. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊర్లో ఒక పాదిరి భార్య. మెథడిస్టు సంఘాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీకి తల్లి. పంతొమ్మిది మందిని కంటే తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. మిగిలిన వాళ్ళకి ఇంట్లోనే చదువు చెప్పింది. ఐదో పుట్టినరోజు అయిన మర్నాడు అక్షరాలు మొదలు. పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. 1709లో ఇల్లు కాలిపోయి పిల్లలు తలో ఇంట్లో కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది, తిరిగి వచ్చాక అలవాట్లన్నీ పోయాయని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. జాన్‌ది గురువారం అట. పెద్దయ్యాక కూడా ఆ గురువారాలు ఆయన మర్చిపోలేదు.

ఆ రాత్రుల సంగతి నాకు బాగా నచ్చింది. మనమూ పెడదాం అన్నాను. బుధవారం ఇళ్ళల్లో కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన. మిగిలినవి నాలుగు రాత్రులు, చదివే పిల్లలు నలుగురు. సరిగ్గా సరిపోయింది. ఆ రాత్రి ఆ బిడ్డ ఒక్కడే బాబాయి పక్కన లేదా పిన్ని పక్కన. పుస్తకం ఉంటే ఉంటుంది, లేకపోతే కబుర్లు. ఏడేళ్ళవాడు మొదటి వారం అరగంట ఏమీ మాట్లాడకుండా నాన్న చొక్కా గుండీలు లెక్కపెట్టాడు. రెండో వారం అడిగాడు, “నాన్నా, నాకు ఎందుకు చదవడం రాదు?”

ఆ ప్రశ్న దగ్గరే అసలు విషయం బయటపడింది. బాబాయికి వాడు బాగా చదువుతాడని నమ్మకం. ఎవరైనా చుట్టాలు వస్తే 23వ కీర్తన తీసి వాడి చేతికి ఇచ్చేవాడు. వాడు వేలు పెట్టి గడగడా చదివేసేవాడు, అందరూ స్తోత్రం అనేవారు. నేను ఒకరోజు పక్కన కూర్చుని చూసాను. నోరు నాలుగో వచనంలో ఉంది, వేలు రెండో వచనంలో ఉంది. చేత్తో పైవన్నీ కప్పేసి మధ్యలో ఒక మాట చూపించి ఇదేంటి అంటే, నా ముఖం చూసాడు. మొత్తం నోటికి వచ్చు, ఒక్క మాట చదవడం రాదు. పెద్దపాపది ఇంకో రకం. నిజంగానే చదువుతుంది, కానీ బైబిలు తెలుగు పాత తెలుగు. ఆ ‘ఇరి’, ‘ఎను’లన్నీ పలుకుతుంది, అర్థం అడిగితే చెప్పలేదు. స్కూలు పుస్తకం ఇస్తే అందులో తెలుగు వేరేలా ఉందని తడబడింది.

ఇక్కడ ఆ అన్న రాసినదాంట్లో కొంచెం నిజం ఉందని ఒప్పుకుంటాను. ఇంట్లో ఒక్క పుస్తకమే ఉంటే, అది ఏ పుస్తకమైనా సరే, పిల్లలు చదవడం మానేసి అప్పజెప్పడం నేర్చుకుంటారు. తప్పు బైబిలుది కాదు. భగవద్గీత ఒక్కటే ఉన్నా అంతే అవుతుంది, గైడు ఒక్కటే ఉన్నా అంతే. డిగ్రీలో మేము చేసేదీ అదే కదా, ఇంపార్టెంట్ క్వశ్చన్లు నోటికి పట్టి రాయడం.

మేము చేసింది చాలా చిన్న పని. వాళ్ళ మాటలు వాళ్ళ చేతే చెప్పించి తెలుగు అక్షరాల్లో రాసాం. పాణి, గాయి. ‘పా’ అంటే పాణిలో ‘పా’. ‘గా’ అంటే గాయిలో ‘గా’. తెలిసిన మాట ముందు, అక్షరం తర్వాత. ఇదేం నా కనిపెట్టుడు కాదు. ఆదివాసీ ఒడియా, కువి, కొండ, సవర, కోయ లాంటి మన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రభుత్వం వేసింది. అవి ఉన్నాయని మన పిల్లల తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? ఆరు వారాలకి ఏడేళ్ళవాడు రెండక్షరాల మాటలు చూసి చదివాడు. కీర్తన చదివినప్పుడు వచ్చినన్ని స్తోత్రాలు దానికి రాలేదనుకోండి.

లెక్కల సంగతి చెప్పకపోతే పిన్నికి అన్యాయం చేసినట్టు. ఎనిమిదేళ్ళవాడికి నేను భిన్నాలు చెప్పబోయాను. పావు పెద్దదా, అందులో సగం పెద్దదా అని పలక మీద 4, 8 వేసి అడిగితే ఎనిమిదే పెద్దదన్నాడు. నేను రొట్టె ముక్కలు, చపాతీ ముక్కలు అని పుస్తకంలో ఉన్నట్టు చెప్తున్నాను. ఆ ఇంట్లో చపాతీ ఎవరు తిన్నారు? పిన్ని సామలు చెరుగుతూ వింటోంది. లేచి వెళ్ళి కుంచం, మానిక, తవ్వ, సోల తెచ్చి ముందు పెట్టింది. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. కొలవరా అంది. వాడు కొలిచాడు. కుంచానికి నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు, పదహారు సోలలు. ఎనిమిది తవ్వలు పోస్తేగానీ నిండలేదు కాబట్టి తవ్వే చిన్నది అని వాడే అన్నాడు. ఏడో తరగతి చదివిన పిన్ని పది నిమిషాల్లో చెప్పింది, బీఎస్సీ చదివే నేను రెండు రోజులు చెప్పలేకపోయాను. ఆ తర్వాత లెక్కల బాధ్యత మొత్తం పిన్నికే ఇచ్చాం. సంత రోజున పాఠం సంతలోనే. పసుపు కాటా దగ్గర నిలబడి కిలోలు, రూపాయలు మగపిల్లలే లెక్క కట్టారు. వ్యాపారి రెండుసార్లు ముఖం మాడ్చుకున్నాడు.

ఇప్పటిదాకా చదివి, అయితే ఇంటి బడి బాగుంది కదా, ఈ అక్క బాబాయి వైపే అనుకుంటున్నారేమో. ఆగండి.

ఐదుగురు పిల్లలున్న ఇంట్లో బడి నడవాలంటే ఒకరు చదువు మానాలి. ఆ ఒకరు పెద్దపాప. నేను చూసిన వారం రోజుల్లో ఆ పిల్ల చేతిలో పుస్తకం ఉన్న టైము కంటే చంకలో బుడ్డోడు ఉన్న టైమే ఎక్కువ. పొద్దున్న ఊట నుంచి నీళ్ళు, చెల్లికి జడ, తమ్ముళ్ళకి గుణింతాలు దిద్దించడం, బుడ్డోడికి అన్నం. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి నేర్పితే వాళ్ళకీ గట్టిపడుతుంది అని బాబాయి అంటాడు, నిజమే, అరగంట అయితే. రోజంతా అయితే దాన్ని నేర్పడం అనరు. ఇంట్లో రెండో అమ్మ తయారైంది, పదేళ్ళ అమ్మ.

ఇది చెప్తే బాబాయికి కోపం వచ్చింది. “ఇంట్లో ఆడపిల్ల పని చెయ్యదా? సుసన్నమ్మ ఇంట్లో చెయ్యలేదా?” అన్నాడు. నేను ఊరుకోలేదు. వైజాగ్ వచ్చాక సుసన్నా వెస్లీ గురించి ఫోన్లో దొరికినదంతా చదివాను. రెండు సంగతులు బాబాయి వినని ప్రసంగాల్లో ఉన్నాయి. ఒకటి, అప్పులున్నా సరే ఆ ఇంట్లో పనివాళ్ళు ఉన్నారు. ఇల్లు కాలిన రాత్రి చంటిబిడ్డ చార్లెస్‌ని బయటికి ఎత్తుకొచ్చింది పనమ్మాయే. రెండు, ఆమె 1732లో కొడుకు జాన్‌కి రాసిన ఉత్తరంలో తన ఇంటి నియమాలు చెప్పింది. అందులో ఒకటి, ఆడపిల్లకి చదవడం బాగా వచ్చేదాకా కుట్టుపనిలాంటి పని నేర్పకూడదని. మూడు వందల ఏళ్ళ కిందటి పాదిరి భార్య రాసిన మాట. బాబాయికి ఫోన్ చేసి ఇది చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. “నువ్వు ఎక్కడ చదివావో నాకు పంపు” అన్నాడు. పంపాను.

నాకు ఇది ఎందుకు అంత పట్టిందంటే, ఆరేళ్ళకి నన్ను హాస్టల్లో వేసారు. మొదటి నెల రోజూ రాత్రి ఏడ్చాను, సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి అమ్మతో సగం మాటలు తెలుగులో మాట్లాడుతున్నానని అమ్మ ఏడ్చింది. నా తర్వాత ముగ్గురు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. నేను హాస్టల్లో లేకపోయి ఉంటే, నేనే ఆ పెద్దపాప. హాస్టల్ నాకు చాలా తీసేసింది, కానీ నా చంక ఖాళీగా ఉంచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ అని స్కూలు మూసేసి ఇంటికి పంపారు, నేను అప్పుడు తొమ్మిది. సిగ్నల్ లేదు, టీవీ పాఠాలు చూడటానికి టీవీ లేదు. ఏడాదిలో నేను పుస్తకం తెరిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో ఎవరూ చదవొద్దనలేదు. పని ఉంది, అంతే. పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేసారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ పోస్టు రాసేదాన్ని కాదేమో.

ఇంకో చిక్కు రిజిస్టర్ది. పిల్లలు బడిలో లేకపోతే తల్లికి వందనం రాదు, పుస్తకాలు రావు, మధ్యాహ్నం భోజనం లేదు, గుడ్డు లేదు. ఐదుగురు పిల్లల ఇంట్లో గుడ్డు చిన్న విషయం కాదు. ఊర్లో పెద్దలు ఉపాయం చెప్పారు. పేర్లు అలాగే ఉంచు, హాజరు పడిపోతుంది, చదువు ఇంట్లో చెప్పుకో అని. చాలా చోట్ల నడిచే పనే ఇది. బాబాయి ఒప్పుకోలేదు. “రాని గుంటలు వచ్చారని రాయించి డబ్బు తింటే, ఆదివారం నిలబడి ఏం చెప్పను?” అన్నాడు. పేర్లు తీయించేసాడు. ఆ విషయంలో బాబాయి మీద నాకు గౌరవం పెరిగింది. కానీ ఆ నిజాయితీకి ఖరీదు కట్టింది పిల్లలు కదా అని కూడా అనిపించింది. హాజరు అబద్ధం కాకుండా ఉండాలంటే ఇంకో దారి కూడా ఉంది, పిల్లల్ని పంపడం. అది చెప్పడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఇప్పుడు మతం మాట. కామెంట్లలో ఒకరు, మతం మారితే ఎస్టీ సర్టిఫికెట్ కూడా పోవాలి అని రాసారు. ఎస్టీలకి సంబంధించిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు లేదు. ఆ షరతు ఎస్సీల ఉత్తర్వులో ఉంది. రెండూ కలిపేసి మన వాళ్ళని మనమే బెదిరించుకోవద్దు.

కానీ నాకు బాధ వేరే ఉంది. బాబాయి ఊరు రెండుగా ఉంది. ఇటుకల పండక్కి సగం ఊరు గుడి దగ్గర, సగం ఊరు ఇళ్ళల్లో. థింసా ఆడే వాళ్ళు ఒక వైపు, చూసి తలుపు వేసుకునే వాళ్ళు ఒక వైపు. పెళ్ళి భోజనాలు కూడా ఈ మధ్య విడిగానే. రెండు వైపుల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని ఒకే బువ్వ తినే చోటు ఊర్లో ఒక్కటే మిగిలింది, ఆ ఒక్క గది బడి. ఆ బడిలోంచి బాబాయి పిల్లల్ని తీసేస్తే, బాబాయిని చూసి సంఘంలో ఇంకో మూడు కుటుంబాలు మాన్పించేసాయి. ఇరవై రెండు మంది ఉన్న బడి పద్నాలుగుకి వచ్చింది. ఇంకొంచెం తగ్గితే ఏమవుతుందో మీకు తెలుసు, విలీనం అంటారు, బడి కొండ దిగిపోతుంది. అప్పుడు ప్రార్థనకి వెళ్ళని వాళ్ళ పిల్లలకీ బడి ఉండదు. పుట్టినప్పటి నుంచి ఒకరి పేర్లు ఒకరికి తెలిసిన పిల్లలు పదేళ్ళు పోయాక సంతలో ఎదురుపడితే పలకరించుకుంటారా? బాబాయి తన పిల్లల్ని కాపాడుకున్నాడు, నిజమే. ఊరి పిల్లలు కూడా ఆయన పిల్లలే కదా, పాస్టర్ అంటే అదే కదా. ఈ మాట బాబాయి ముఖం మీద అనలేదు, ఇక్కడ రాస్తున్నా. ఆయన గ్రూపులో లేడు.

నా అభిప్రాయం అడిగితే ఇది. చిన్నపాప వయసు పిల్లలకి, మొదటి రెండేళ్ళ చదువు, అమ్మ మాటలో ఇంట్లో జరగడం అన్నిటికన్నా మంచిది. ఆరేళ్ళకి ట్రంకుపెట్టె ఇచ్చి పంపడం నాకు జరిగింది, ఇంకెవరికీ వద్దు. ఆ తర్వాత బడికి వెళ్ళాలి, కానీ ఇంటి బడి ఆగకూడదు. పొద్దున్న అంబలి ముందు చదవడం, రాత్రి ఒక్కో బిడ్డకి ఒక్కో రాత్రి, సంతలో లెక్కలు, ఇవి బడి ఉన్నా నడుస్తాయి. బడి చెప్పలేనివి అవే. ఇది క్రైస్తవుల ఇళ్ళకే కాదు. మన ఇళ్ళల్లో ఎంతమంది నాన్నలు వారంలో ఒక రాత్రి ఒక బిడ్డ పక్కన కూర్చుంటున్నారు?

బడి మీద పోరాటం కూడా మానకూడదు. 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న జీవో అది. మనం అప్పుడు ఉద్యోగాల గురించే ఎక్కువ మాట్లాడాం. పాణి అంటే నీళ్ళు అని తెలిసిన మాస్టారు ఉండటం పిల్లల హక్కు అని గట్టిగా మాట్లాడలేదేమో అనిపిస్తుంది. ఈ ఏడాది బదిలీల్లో బాబాయి ఊరికి కొత్త మాస్టారు వచ్చారు. పక్క మండలం, మన వాళ్ళే, భాష వచ్చు. మొదటి రోజు ఇంటికొచ్చి పిల్లలతో ఒడియాలో మాట్లాడితే చిన్నపాప పిన్ని వెనక దాక్కుందట, మాస్టారికి మన మాట ఎలా వచ్చిందని.

ఇలాంటి ఇళ్ళు మీ ఊర్లో ఉంటే ఒక విషయం చెప్పండి. మధ్యలో బడి మానేసిన పిల్లల్ని వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. వెనకబడితే విడిగా శిక్షణ ఇవ్వాలి. టీసీ లేదని, పుట్టిన సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపకూడదు. మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారేమో, సిగ్గు అని చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతున్నారు. పెద్దపాపని ఈ జూలైలో ఐదో తరగతిలో చేర్చుకున్నారు. మగపిల్లలు కూడా వెళ్తున్నారు. మిగిలిన మూడు కుటుంబాల్లో ఒకటి తిరిగి పంపింది. చిన్నపాప ఇంట్లోనే, పిన్ని దగ్గర. ఎండాకాలం వేసుకున్న నాలుగు ముక్కల్లో పొద్దున్నది, రాత్రిది ఇప్పటికీ నడుస్తున్నాయని పిన్ని చెప్పింది. కొన్ని రోజులు నడవదు, అది కూడా చెప్పింది.

మిగిలింది పెద్దపాప ఆరో తరగతి. ఊర్లో ఐదు దాకానే. ఆరుకి గురుకులమో, ఏకలవ్య స్కూలో రాయాలి, రాయగలదు కూడా. పాప నాకు ఫోన్ చేసి, “అక్కా, ఫారం ఎప్పుడొస్తుంది?” అని అడుగుతోంది, బాబాయికి వినపడకుండా. బాబాయి మాత్రం హాస్టల్ మాట ఎత్తొద్దంటున్నాడు. ఒక్కటే అడుగుతున్నాడు, “రాత్రి గుంటకి జ్వరం వస్తే ఎవరు చూస్తారు, నాకు ఎవరు ఫోన్ చేస్తారు, ఆ పేరు చెప్పు, పంపిస్తా.” నా దగ్గర జవాబు లేదు. మీలో చాలామంది గురుకులాల్లో, ఏకలవ్యల్లో చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు ఉన్నారు. పాడేరు, అరకు వైపు ఏ ఆడపిల్లల హాస్టల్లో నర్సు గానీ ఏఎన్ఎం గానీ రాత్రి కూడా అక్కడే ఉంటున్నారు, జ్వరం వస్తే అదే రోజు ఇంటికి చెప్తున్నారు, నిజంగా తెలిసినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి. వినికిడి వద్దు. దసరాకి ఊరు వెళ్తున్నా, అప్పటికి బాబాయి ముందు పెట్టడానికి ఒక్క పేరైనా కావాలి.